ఏడో షీటు, లచ్చమ్మ ఇల్లు

ఫిబ్రవరి 3, 2025

నేను లైబ్రరీ కమిటీలో స్టూడెంట్ మెంబర్నట. నోటీస్ బోర్డు చూస్తే తెలిసింది. ఈ ఆర్కిటెక్చర్ కాలేజీలో నాలుగేళ్ళుగా మమ్మల్ని ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు ఎవరూ. ఇరవై నాలుగున ఇన్‌స్పెక్షన్ ఉంది కాబట్టి ఇప్పుడు గుర్తొచ్చాం. మీటింగ్ పదకొండు నిమిషాలు. ప్రిన్సిపాల్ చలపతిరావు సార్ ఒక్కరే మాట్లాడారు, అందులో సగం సమోసాల గురించి. రిజిస్టర్‌లో పైన తేదీ, కింద సంతకాలు, మధ్యలో పేజీ అంతా ఖాళీ. మినిట్స్ తర్వాత రాసుకుంటాంలే, పెట్టెయ్ రేణుకా అన్నారు లైబ్రేరియన్ శారద మేడం. పెట్టేశాను. అందరూ పెడతారు.

ఫిబ్రవరి 6

ఇన్‌స్పెక్షన్ ఎగ్జిబిషన్‌కి తలా ఒక మోడల్ చెయ్యాలట. గోపన్‌పల్లిలో మా నానమ్మ ఇల్లు చేస్తానన్నాను. నాకు ఐదేళ్ళప్పుడు కూల్చేశారు. ఇప్పుడక్కడ ఆరంతస్తుల అపార్ట్‌మెంట్. మా దగ్గర ఒక్క ఫోటో లేదు. ఉన్నదల్లా మా లైబ్రరీలో, షీట్ల బీరువాలో. 2006లో సీనియర్లు ఆ ఊరి పాత ఇళ్ళకి టేపు పెట్టి కొలిచి, చేత్తో గీశారు. ఏడో షీటు మాది. మూలన "లచ్చమ్మ ఇల్లు" అని ఉంటుంది. ఫస్ట్ ఇయర్‌లో ఒక్కసారి చూశాను. లైబ్రరీలోకి ఫోన్ రానివ్వరు, ఫోటో తీసుకోలేదు.

నానమ్మకి చెప్పాను. ఆ పిల్లలకు చాయ్ పోసిన, దీపం గూడు సుత కొలిచిన్రు అంది. ఆవిడకి చూపు మసకబారుతోంది. జర జల్ది చూపియ్యి బిడ్డా, ఇగ ఎన్ని దినాలు కనవడ్తదో అంది. ఇరవై ఐదున ఇంట్లోవాళ్ళని రానిస్తారు. ఆ రోజు షీటు చూపిస్తానని మాటిచ్చాను.

ఫిబ్రవరి 8

టేబుల్ సిద్ధం. స్టూడియో మూలన కట్టలోంచి ఒక షీటు లాగి, బోర్లా ఉన్నదాన్ని ఉన్నట్టే పరిచి, నాలుగు వైపులా టేపు వేశాను. బల్లకి బ్లేడు గీతలు పడకుండా అందరం చేసేదే. ఫెయిలైన షీట్లకి మా దగ్గర కొదవా? ఈసారి పేపరు మందంగా ఉంది. బాగుంది.

ఫిబ్రవరి 10, ఉదయం 11

బీరువా లేదు. షీట్లు కాదు, బీరువాయే లేదు. దాని చోట మూడు బీన్ బ్యాగ్‌లు, ఒక ప్లాస్టిక్ మొక్క. అడిగితే శారద మేడం రిజిస్టర్ తెరిచి చూపించారు. "వాడుకలో లేని పాత షీట్లు తొలగించి డిస్కషన్ కార్నర్ ఏర్పాటు చేయాలని విద్యార్థి ప్రతినిధి కోరారు." కింద నా సంతకం. నేను కోరానట. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆవిడ తల దించుకుని, నేనేం చేస్తానమ్మా, సార్ చెప్పారు, రాశాను అన్నారు. షీట్లు ఎక్కడికి పోయాయంటే ఆవిడకి తెలీదు. తీసింది అటెండర్ మల్లన్న. అతను మేనకోడలి పెళ్ళికని ఊరెళ్ళాడు. ఫోన్ కలవడం లేదు.

మధ్యాహ్నం 3

చలపతిరావు సార్ దగ్గరికి వెళ్ళాను. ఈ-రిసోర్సెస్ తెచ్చాం కదమ్మా, ప్రపంచమంతా మీ స్క్రీన్ మీదే ఉంది అన్నారు. గోపన్‌పల్లి ఉందా సార్ అన్నాను. ఎమోషనల్ అవొద్దన్నారు. ఎవడబ్బ సొమ్మని పారేశారు అని నోటిదాకా వచ్చింది. థాంక్యూ సార్ అని వచ్చేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఫిబ్రవరి 11

గ్రూపులో మెసేజ్ పెట్టాను. రెండింటికి లైబ్రరీ ముందుకు రండి, అడుగుదాం అని. నూట పన్నెండు మందిలో అరవై మంది బొటనవేలు చూపించారు. వచ్చింది ఇద్దరు. అందులో ఒకడు ఏసీ కోసం. మా క్లాస్ రిప్రజెంటేటివ్ ఆదర్శ్‌ని నిలదీస్తే, సబ్మిషన్ టైమ్‌ల గీ లొల్లి ఏంది, పాత కాగితాలకు గింత పరేషానా అన్నాడు. వీడు రేపు జనానికి ఇళ్ళు కడతాడు.

ఫిబ్రవరి 13

తెల్లాపూర్, నల్లగండ్ల. పాత పేపర్ల షాపులు ఐదు తిరిగాను. లేవు.

ఫిబ్రవరి 15

కొలతలు నానమ్మనే అడిగాను. అరుగు ఎంత ఎత్తు అంటే, నువ్వు ఎక్కలేక ఏడ్సేటంత అంది. దాన్ని ఏ స్కేల్‌లో గియ్యాలి? కోపంతో చెయ్యి అదుపులో లేదు. బోర్డు తెగి బ్లేడు కింది బల్లదాకా దిగుతోంది. ఇవాళ నాలుగు బ్లేడ్లు విరిచాను. దర్వాజ మూడుసార్లు కోశాను. మూడుసార్లూ తప్పే.

ఫిబ్రవరి 17

మల్లన్న వచ్చాడు. పాత కాయితాల రద్దీకి ఎయ్యమన్రు గని మనసొప్పలే బిడ్డా, పిల్లలు గీసినయి పిల్లలకే అక్కరకొస్తయని మీ స్టూడియో మూలకు పెట్టిన అన్నాడు. మంచి పని చేశానన్న మొహం. నిజానికి చేసింది మంచే.

పరిగెత్తాను. నలభై బల్లలు. ఒక్కో బల్ల మీది షీటు పీకుతుంటే అందరూ నన్ను తిట్టారు. నేనూ తిట్టాను. ఒకడు బంక ఒలకబోశాడు. ఇంకొకతె చాయ్ కప్పు పెట్టుకుంది. ఆదర్శ్ బల్ల మీద ఊరి బావి సెక్షన్, ముక్కలు ముక్కలుగా. ఏ ఒక్కరూ ఒక్కసారి తిప్పి చూడలేదా అని అరిచాను. చివరికి నా బల్ల మిగిలింది.

టేపు పీకి తిప్పాను. ఏడో షీటు.

ఇన్ని రోజులు అందరినీ తిట్టిన నోటితో ఇప్పుడెవర్ని తిట్టాలి? సంతకం నాది. బ్లేడూ నాదే. నా చెప్పుతో నన్నే కొట్టుకోవాలి.

ఫిబ్రవరి 18

ముప్పై షీట్లు పోగుచేశాను. కట్ట కట్టి, తీసుకెళ్ళి బీన్ బ్యాగ్ మీద పెట్టాను. రిజిస్టర్ అడిగి తీసుకుని, నా సంతకం కింద "ఇది నేను కోరలేదు" అని రాసి మళ్ళీ సంతకం పెట్టాను. శారద మేడం ఆపలేదు. ఏడోది నా బ్యాగులో ఉంది. ఎవరడిగినా ఇవ్వను.

ఫిబ్రవరి 24

ఇన్‌స్పెక్షన్ అయిపోయింది. డిస్కషన్ కార్నర్ విషయంలో విద్యార్థుల చొరవ మెచ్చుకోదగిందని రాసి వెళ్ళారట.

ఫిబ్రవరి 25

నానమ్మ మోడల్ జోలికి పోలేదు. షీటు ఒళ్ళో పరుచుకుంది. గీతలు కళ్ళకి ఆనక, వేళ్ళతో తడిమింది. నా బ్లేడు కోత ఒకదాని దగ్గర వేలు ఆగింది. గిది దర్వాజనా బిడ్డా అంది.

అవునన్నాను.