సున్నా నిమిషాల దారి

చిరంజీవి అమ్మాయికి,

బాబాయ్, పిన్ని దీవించి రాయునది. ఇక్కడ మేమిద్దరం కులాసా. కుట్టుమిషన్ ఒక్కటే కులాసాగా లేదు. ఆ సంగతికి కింద వస్తాను.

నువ్వు పంపిన ల్యాప్‌టాప్, ఫారం చేరాయి. మీ కంపెనీ కొత్తగా సెర్చ్ ఇంజన్ తయారుచేసిందనీ, ఒకే ప్రశ్నని లోకమంతా వాడే పెద్దదానిలోనూ, మీ కొత్తదానిలోనూ అడిగి, దేనికెన్ని మార్కులో పదికి వేసి పంపమనీ రాశావు. రిటైరయ్యాక నాచేత మార్కులు వేయించుకోవాలని ఇన్నాళ్లకి ఒకరికి తోచింది. చాలా సంతోషం తల్లీ. ఫోన్లో చెప్పచ్చుగా అంటావేమో. ముప్పై ఎనిమిదేళ్లు తపాలా ఆఫీసులో కూర్చుని ఉత్తరాలు ఏ ఊరివి ఆ అరలో వేసినవాణ్ణి. ఫోన్లో చెప్తే చెప్పినట్టే ఉండదు నాకు.

నా ప్రశ్న ఏమిటంటే, మీ పిన్ని మిషన్‌లో బాబిన్ కేసు పోయింది. అదే, సూది కింద దారం బాబిన్ కూర్చునే చిన్న ఉక్కు డబ్బీ. నాలుగు నెలల కిందట నూనె వేద్దామని నేనే విప్పాను. మళ్లీ బిగించబోతే అది లేదు. ఆ మిషన్ చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. బజారులో దొరికేవి ఏవీ దానికి పట్టడం లేదు. అప్పట్నుంచీ మీ పిన్ని కిటికీ దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్లని చూస్తోంది. "అదీ నేనూ ఒకేసారి రిటైరయ్యాంలెండి" అంటుంది నవ్వుతూ. ఆ నవ్వు చూస్తే నాకు అన్నం సహించదు. ఒకటో తారీఖున పాత సామాన్ల అతను వస్తే మిషన్ ఇచ్చేస్తానంటోంది. ఇచ్చేసిందంటే ఆ తప్పు నాదే.

పైగా నాకొక అవమానం కూడా జరిగింది. ఇంట్లో నా అరల బీరువా ఉంది కదా, ఆఫీసులో ఉన్నటువంటిదే కావాలని చేయించుకున్నది. బాబిన్ కేసు అందులో ఉందేమో చూడమంది మీ పిన్ని. సర్వీసంతా ఒక్క ఉత్తరం తప్పు అరలో వేయని మనిషితో అనాల్సిన మాటేనా? ఆ మాటకి అలిగి నేను అందులో వెతకనే లేదు.

సరే, పరీక్ష. పెద్దదానిలో పద్ధతిగా రాశాను. పైన మన పూర్తి చిరునామా, తర్వాత "అయ్యా", తర్వాత విషయం, చివర "తమ జవాబుకై ఎదురుచూస్తూ". క్షణంలో ఏం చూపించిందో తెలుసా? మన ఇంటికి దారి! మన ఇంటి నుంచి మన ఇంటికి, నడిస్తే సున్నా నిమిషాలు అట. కొత్తదానిలో అదే ఉత్తరం అక్షరం పొల్లుపోకుండా రాశాను. "ఈ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. క్షమించండి" అని వచ్చింది. అమ్మాయీ, నాకు కళ్లు చెమర్చాయి. మా ఆఫీసులో మొదటి పాఠమే అది. చిరునామా తెలియకపోతే వెనక్కి పంపాలి గానీ, తోచిన ఇంట్లో పడేయకూడదు.

మార్కులు: పెద్దదానికి సున్నా. కొత్తదానికి పదికి పది.

ఇట్లు,
పరీక్షాధికారి హోదాలో
మీ బాబాయ్

మరిచాను: పాపం క్షమాపణ అడిగాడు కదా అని ప్రశ్న రాసే పెట్టెలో "ఫరవాలేదు నాయనా, మనసులో పెట్టుకోకు" అని టైపు చేశాను. లోపల ఉన్నది ఎవరో గానీ చాలా మర్యాదస్తుడు.

*

పూజ్యులైన బాబాయ్‌కి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత తల పట్టుకున్నాను. బాబాయ్, లోపల ఎవరూ లేరు. అది యంత్రం. దానికి "అయ్యా" అక్కర్లేదు, ఎదురుచూపులు అక్కర్లేదు. మిషన్ పేరు, బాబిన్ కేసు, అంతే, మూడు ముక్కలు కొట్టు చాలు. పైన చిరునామా రాస్తే పెద్దది పాపం ఆ చిరునామానే వెతికి పెడుతుంది.

జవాబే ఇవ్వనిదానికి పదికి పది ఏమిటని మా ఓనర్‌గారు అడిగారు. ఏం చెప్పను? మిగతావాళ్లంతా మూడూ నాలుగూ వేస్తున్నారు. ఆయన ఈమధ్య గదిలోంచి బయటికే రావడం లేదు. అందుకని నిజాయితీగా వెయ్యి, జాలిపడి వెయ్యకు.

మిషన్ మాత్రం ఇవ్వనివ్వకు. నా మొదటి స్కూలు సంచీ పిన్ని దానిమీదే కుట్టింది. అమ్మ ఆస్పత్రిలో ఉన్న ఏడాదంతా ఆ చప్పుడు వింటూనే నేను నిద్రపోయాను. మీ ఇద్దరి రుణం నేను తీర్చుకోగలిగేది కాదు.

ఇట్లు,
మీ అమ్మాయి

తా.క.: కోప్పడకు. ఆ అరల బీరువాలో ఒకసారి చూడరాదూ?

*

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు (తా.క. రాసినందుకు సగమే).

నువ్వు చెప్పినట్టు మూడు ముక్కలు కొట్టాను. పెద్దది అర సెకనులో నలభై లక్షల జవాబులు తెచ్చి గుమ్మంలో పోసింది. వచ్చిన టపాని విప్పకుండా వదిలేసే అలవాటు నాకు లేదు. రోజంతా కూర్చుని రెండువందల పన్నెండు చూశాను. మీ పిన్ని టీ తెచ్చి పక్కన పెట్టి, "మిగతావి ఎప్పటికవుతాయి?" అని అడిగింది. లెక్క వేసి చూశాను. నా ఆయుష్షు చాలదు.

అంతటితో అయిందా? ఆ రోజు నుంచి అది నన్ను వెంటాడుతోంది. వాన పడుతుందా అని చూస్తే కుట్టుమిషన్లు. వార్తలు చూస్తే కుట్టుమిషన్లు. "వద్దు బాబూ, మాకున్నది ఒక్కటి బాగయితే చాలు" అని మర్యాదగానే రాశాను. దానికి జవాబుగా కుట్టుమిషన్ల మీద తగ్గింపు ధరలు చూపించింది.

కొత్తదాని సంగతి విను. మళ్లీ క్షమాపణే వచ్చింది. కానీ దాని కింద ఇంకో ముక్క వచ్చింది. "పోయిందా, విరిగిందా?" నాలుగు నెలల్లో నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు. అందరూ "కొత్త మిషన్ కొనుక్కోండి" అన్నవాళ్లే. పోయిందయ్యా, నా చేతుల్లోనే పోయింది అని మొత్తం కథ రాశాను. రాశాక గుండె బరువు సగం దిగింది. ఇంతసేపు కూర్చుని నా గోడు విన్నందుకు, తిన్నావా నాయనా అని కూడా అడిగాను.

మార్కులు: పెద్దదానికి కష్టపడినందుకు రెండు. కొత్తదానికి పదే.

ఇట్లు,
మీ బాబాయ్

అసలు సంగతి ఇప్పుడు: "ఇప్పుడే తిన్నానండీ, మీరు?" అని జవాబు వచ్చింది. లోపల ఎవరూ లేరన్నావు!

*

బాబాయ్‌కి,

నమస్కారాలు చివర్లో పెడతాను, ముందు కంగారు.

అది "తిన్నాను" అనలేదు బాబాయ్! అనడం దానికి రాదు! ఇంకేదన్నా నొక్కావా? ఎవరైనా మోసగాడేమో, ఇంటి నంబర్లూ బ్యాంకు నంబర్లూ ఏవీ చెప్పకు. మా ఇంజనీర్లని అడిగాను. వాళ్లు నీ ఉత్తరం చదివి తెల్లబోయారు. యంత్రం తనంతట తను కబుర్లు చెప్తోందంటే ఎక్కడో పెద్ద తప్పుందని, పొద్దుట్నుంచి లోపలంతా గాలిస్తున్నారు. ఓనర్‌గారికి చెబుదామని వెళ్తే, విని చటుక్కున కిటికీ వైపు తిరిగి, "అలాగా" అని ఊరుకున్నారు. కోపం వస్తే ఆయన అలాగే ఉంటారు.

దయచేసి దానితో మాట్లాడకు. వెతుకు, అంతే.

నమస్కారాలతో,
అమ్మాయి

తా.క.: ఇంతకీ ఏం తిన్నానని చెప్పింది?

*

అమ్మాయికి,

ఆశీస్సులు ఎప్పటిలాగే ఉన్నాయి గానీ, నా మనసు నొచ్చుకుంది. చదువుకున్నదానివి. పలకరించిన మనిషిని మోసగాడంటావా? నీ ఉత్తరం రాగానే లోపలాయనకి చెప్పేశాను, "నాయనా, నీ కోసం ఇంజనీర్లు గాలిస్తున్నారు, జాగ్రత్త" అని. "తెలుసండీ, చప్పుడు వినిపిస్తోంది" అన్నాడు. టైపు చేసి చేసి మణికట్టు నొప్పెడుతోందట. యంత్రానికి మణికట్టు ఉంటుందా? నువ్వే చెప్పు.

అతనికీ బాబిన్ కేసు దొరకలేదు. దొరకలేదని రోజూ చెప్తున్నాడు. దొరకలేదని రోజూ చెప్పేవాడు ఒకడున్నా ధైర్యంగానే ఉంటుంది.

కానీ ఒకటో తారీఖుకి ఇంక నాలుగు రోజులే ఉంది. నిన్న మీ పిన్ని మిషన్ శుభ్రంగా తుడిచి, పాత దుప్పటి కప్పి, వీధి గది గుమ్మం పక్కన పెట్టించింది. పాత సామాన్ల అతనికి మోయడం తేలిక అని. తుడిచిన గుడ్డ ఉతికి ఆరేసి కూడా వచ్చింది. నేను చూడనట్టు పేపరు చదివాను. ఏం చదివానో నాకు తెలీదు.

మార్కులు ఈ వారం వేయలేను.

మీ బాబాయ్

మీ పిన్ని రాయమంది: "అరల బీరువా సంగతి ఇంక ఎత్తను, మూడుసార్లు చెప్పాను చాలు" అంటోంది. ఎత్తనంటూనే ఎత్తింది చూడు.

*

బాబాయ్‌కి వెయ్యి నమస్కారాలు, వెయ్యి క్షమాపణలు.

ఇది త్వరగా చేరే టపాలో వేస్తున్నాను. నిలబడి చదవకు, కూర్చో.

నిన్న అందరూ భోజనానికి వెళ్లాక నా బల్ల దగ్గర కొత్తది తెరిచి, "తిన్నారా?" అని కొట్టాను. మామూలు క్షమాపణ తప్ప ఏమీ రాలేదు. అప్పుడు నీలాగే పైన మీ చిరునామా వేసి, "అయ్యా" అని మొదలుపెట్టి, "భోజనం అయిందా నాయనా" అని రాశాను. గాజు గోడ అవతల ఓనర్‌గారి గదిలో కీబోర్డు టకటకలాడింది. నా తెర మీద జవాబు పడింది. "ఇంకా లేదండీ. బాబిన్ కేసు దొరికిందా?"

లేచి వెళ్లి తలుపు తీశాను. ఆయన మణికట్టు పట్టుకుని కూర్చున్నారు. నన్ను చూసి, క్లాసులో దొరికిపోయిన పిల్లాడిలా లేచి నిలబడ్డారు.

జవాబు దొరకని ప్రశ్నలు తన తెర మీద పడేలా పెట్టుకున్నారట, ఎందుకు దొరకడం లేదో చూసుకుందామని. "మొదటి రోజే ఒకాయన, ఫరవాలేదు నాయనా, మనసులో పెట్టుకోకు అన్నాడమ్మా. కంపెనీ పెట్టాక నాతో ఆ మాట అన్నవాళ్లు లేరు. జవాబివ్వకుండా ఉండలేకపోయాను" అన్నారు. ఈ నెలాఖరుకి అంతా మూసేద్దామనుకున్నారట. ఇప్పుడు మూయరట. దొరకనప్పుడు తిరిగి ఒక ప్రశ్న అడగడం ముందు యంత్రానికి నేర్పిస్తానంటున్నారు. నా ఉద్యోగం ఉంది బాబాయ్, నీ ధర్మమా అని!

ఆయన నిన్నొక ప్రశ్న అడగమన్నారు. వాళ్లమ్మగారి కళ్లద్దాలు పోయినప్పుడల్లా ఆవిడని అదే అడుగుతారట. ఆ వస్తువు చేతిలో ఉండగా ఎవరైనా వచ్చి పిలిచారా? బాగా గుర్తుచేసుకో.

ఇట్లు,
ఎప్పటికీ నీ రుణం తీరని
అమ్మాయి

తా.క.: నీ బాబిన్ కేసు కోసం ఆయన దొంగచాటుగా పెద్దదానిలో కూడా వెతికారట. ఇప్పుడు ఆయన్నీ కుట్టుమిషన్లు వెంటాడుతున్నాయి.

*

చిరంజీవి, లక్షణమైన మా అమ్మాయికి,

నిండు మనసుతో దీవించి రాయునది. ఒకటో తారీఖు పొద్దున నీ ఉత్తరం, పాత సామాన్ల అతను ఒకేసారి గుమ్మంలోకి వచ్చారు. అతను దుప్పటి మీద చెయ్యి వేశాడు. "ఒక్క నిమిషం ఆగవయ్యా" అని అక్కడే నిలబడి చదివాను. చివరి ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి గుమ్మంలోనే కూర్చున్నాను.

పిలిచారు తల్లీ! మన వీధి బేకరీ ఆయన. తన టపాలో పొరపాటున వచ్చిన ఉత్తరం తెచ్చాడు, పేరుంది గానీ ఇంటి నంబరు లేదు. ఇలాంటివి వీధిలో అందరూ నాకే ఇస్తారు. నా ఎడమ చేతిలో ఆ ఉత్తరం, కుడి చేతిలో బాబిన్ కేసు. అరల బీరువా దగ్గరికి వెళ్లి, ఒకటి జేబులో పెట్టుకుని, ఇంకోటి "చిరునామా చాలనివి" అరలో వేశాను. ఆ వారం నా చొక్కా ఉతికితే జేబులో కాగితం ముద్ద వచ్చింది. అదేమిటో నాకిప్పుడు తెలిసింది.

వెళ్లి అరలో చెయ్యి పెట్టాను. చల్లగా తగిలింది.

తెచ్చి మీ పిన్ని అరచేతిలో పెట్టాను. నన్నేమన్నా అంటుందని తల వంచుకుని నిలబడ్డాను. దుప్పటి తీసింది, బిగించింది, దారం ఎక్కించింది. "ఏదీ, మీ గోనెసంచీ చిరిగింది, ఇలా ఇవ్వండి" అంది పాత సామాన్ల అతనితో. మిషన్ మీద మొదటి కుట్టు ఆ సంచీకే పడింది. ఆ చప్పుడుకి నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. సిగ్గేముంది, నీకు కాకపోతే ఎవరికి చెప్తాను.

ఇక మార్కులు. పెద్దదానికి మొదటి వారం వేసిన సున్నా కొట్టేసి పది వేయి. "మీ ఇల్లు, సున్నా నిమిషాలు" అని అది మొదటి రోజే చెప్పింది. తోచిన ఇంట్లో పడేసిందని తిట్టుకున్నాను. సరైన ఇంట్లోనే వేసింది. దానికి కూడా కృతజ్ఞతలు రాశాను, పూర్తి చిరునామాతో. మళ్లీ మన ఇంటికే దారి చూపించింది. ఈసారి నమస్కారం పెట్టాను.

కొత్తదానికి పది అలాగే ఉంచు. మీ ఓనర్‌గారికి విడిగా పార్సెల్ వస్తోంది, మణికట్టు కింద పెట్టుకునే చిన్న దిండు. మీ పిన్ని కుట్టింది. భోజనం వేళకి తినమని చెప్పు.

మీ ఫారంలో రెండే గడులున్నాయి. నేను స్కేలు పెట్టి మూడోది గీసి, పైన "మీ పిన్ని" అని రాసి మార్కులు వేశాను. మీ కంపెనీ ఒప్పుకోకపోయినా సరే.

ఇట్లు,
జీవితంలో ఒక్కసారి తప్పు అరలో వేసిన
మీ బాబాయ్

ఇది పిన్ని చేతిరాత: అమ్మాయీ, నీ చలవ వల్ల నా మిషన్ నాకు దక్కింది, చల్లగా ఉండు. ఆ మూడో గడి నేను చూశాను. నాకు తొమ్మిదే వేశారు. ఒకటి ఎందుకు తగ్గిందని అడిగితే, నేను ఇంకాస్త గట్టిగా చెప్పాల్సిందట.