మూడో పళ్ళెం

పైన్ బ్రాంచ్,
ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి డెల్మస్‌ని, కోడలు నోరీన్‌ని అమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం. నేను బాగానే ఉన్నాను. మన పంది మాంసం కొట్టు ఎప్పుడూ లేనంత బాగా నడుస్తోంది. మీ నాన్న లేచి తిరుగుతున్నాడు. మీరిద్దరూ, కడుపులో బిడ్డా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

జవాబు ఆలస్యం చేశాను, ఏమనుకోకు. నువ్వడిగినవాటిలో తేలికైనవి ముందు చెప్తాను. కష్టమైనవి మూడున్నాయి. వాటి దగ్గరికి నెమ్మదిగా వస్తాను.

గాలివానకి పెరట్లో ఓక్ చెట్టు పడిపోయింది నిజమే. ఇల్లు తప్పించుకుంది. దాన్ని కొట్టించి షెడ్డు వెనక పేర్చాం, ఈ చలికాలం నిప్పులకి కొదవ లేదు. పొగకి వాడే హికరీ కట్టె మాత్రం తక్కువగా దొరుకుతోంది.

నోరీన్ మన సాస్ ఎలా కలపాలని అడిగింది కదా. పెద్ద జాడీడు యాపిల్ వెనిగర్ తీసుకుని, గుప్పెడు ఎండుమిరప పలుకులు, అందులో సగం మిరియాల పొడి వెయ్యమను. ఉప్పు నాలిక మీద చూసుకోవడమే. కాచకూడదు. మూతపెట్టి వారం రోజులు దాని మానాన దాన్ని వదిలెయ్యాలి. పంది వేగుతున్నప్పుడు గుడ్డతో తడుపుతూ ఉండాలి, నరికాక మళ్ళీ కలపాలి. మీ వైపు మొత్తం పంది కాకుండా జబ్బ ఒక్కటే వండుతారు కాబట్టి తనకి ఇంత పులుపు అక్కర్లేదేమో. తను పంపిన పొడి, ఆ ఉప్పూ బెల్లంరంగు పంచదారా ఎర్ర కారమూ కలిపింది, ఒక జబ్బకి పట్టించి చూశాను. పంచదార మాడి నల్లటి పొర కట్టింది. బాగుందని చెప్పు. మీ నాన్న ఊళ్ళో లేనప్పుడు తిన్నాను.

ఇక నీకు తెలియని సంగతి.

కిందటి చలికాలం మీ నాన్నకి విషజ్వరం వచ్చిందని రాశాను. తగ్గిందనీ రాశాను. జ్వరం తగ్గింది గానీ ముక్కూ నాలుకా తిరిగి రాలేదు. నాకూ వెంటనే తెలియలేదు. ఒకరోజు విరిగిపోయిన పాలు గ్లాసులో ఉంటే ఎత్తి గటగటా తాగేశాడు. నేను నోరు తెరిచి చూస్తున్నాను. ఆయన గ్లాసు వంక చూసి, నా మొహం చూసి, నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"ఎవడి చెవినైనా పడిందంటే నీ పని చెప్తా" అన్నాడు.

మూడు తరాల నుంచీ పంది వండే ఇంట్లో పొగ వాసన తెలియనివాడు ఎందుకు పనికొస్తాడు చెప్పు. నేనెవరికీ చెప్పలేదు. ఆ రోజు నుంచీ ఆయన నాలుక నేనే. జనం చూస్తుండగా ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని ఆలోచిస్తున్నట్టు నిలబడేవాడు. రుచి సరిపోయిందంటే నేను జుట్టు చెవి వెనక్కి తోసుకోవాలి. లోటుంటే ఊరికే ఉండాలి. నేను ముందే తిని ఉంటాను కాబట్టి తెలుస్తుంది. ఇలా దాదాపు ఏడాది గడిపాం.

అదే నోటితో కొట్టు నిండా జనం ఉన్నప్పుడు, "మా ఐడెల్‌కి ఉప్పుకీ ఉతికే సోడాకీ తేడా తెలీదు, అందుకే గల్లాపెట్టె దగ్గర కూచోబెట్టాను" అనేవాడు. నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని.

పక్క ఊరి మెర్విన్ టగ్‌వెల్ నీకు గుర్తున్నాడుగా, గ్యాసు పొయ్యి మీద వండి కట్టెపొయ్యి అని బోర్డు పెట్టుకున్నవాడు. వాడికి ఎక్కడో అనుమానం వచ్చింది. పంటల పండగ మొదటి రోజు అందరి ముందూ, "థర్మన్, నీ పందిని నువ్వు పోల్చుకోగలవా? రేపు మూడు పళ్ళేలు పెడతాను. ఒకటి నాది, ఒకటి నీది, ఇంకోటి ఎవరిదైనా సరే. తిని చెప్పు" అన్నాడు. మీ నాన్న కాదనగలడా?

"మూడోది నేను చేస్తాను" అన్నాను. అందరూ నవ్వారు. మీ నాన్న కూడా నవ్వాడు, ఊపిరి పీల్చుకున్నట్టుగా.

మర్నాడు పొద్దున్నే ట్రక్కు ఎక్కబోతూ నాతో, "నువ్వు నాకు ఎదురుగా నిలబడు. నాది నోట్లో పెట్టుకోగానే జుట్టు సర్దుకో" అన్నాడు. సరేనన్నాను. ఆయన మెత్తగా మాట్లాడిన రోజు కదా అని నీ ఉత్తరం సంగతి అప్పుడే చెప్పాను. నోరీన్‌కి నెల తప్పిందని చెప్పాను. నువ్వు చేసిన టమాటా సాస్ సీసా పంపావని, ఒక్కసారి రుచి చూడమన్నావని చెప్పాను.

నువ్వడిగిన మొదటి కష్టమైన ప్రశ్న ఇదే, నాన్న ఏమన్నాడని. రాయకుండా ఉండాలనుకున్నాను. కానీ మిగతాది నీకు అర్థం కావాలంటే రాయాలి.

"దాని కడుపులోంచి ఏం వస్తుందే, టమాటానా?" అన్నాడు. "పుట్టినా సరే, పోయినా సరే, నా గడప దగ్గరికి తేవద్దని రాయి. ఆ సీసా కుక్కకి పోద్దాం. అదైనా ఈసారి తాగుతుందేమో."

పెళ్ళయిన కొత్తలో నువ్వు నోరీన్‌ని తీసుకొచ్చి, మీ మామగారింటి ఎర్ర సాస్ బల్ల మీద పెట్టినప్పుడు, కొట్టు నిండా జనం చూస్తుండగా దాన్ని కుక్క గిన్నెలో పోసింది ఈయనే. కుక్క వాసన చూసి పక్కకి వెళ్ళిపోతే, "నా కొడుక్కన్నా దీనికి పెంపకం ఎక్కువ" అన్నది ఈయనే. నోరీన్ మొహం నాకింకా కళ్ళముందే ఉంది. నేనా రోజు బల్ల తుడుస్తూ నిలబడ్డాను.

పుట్టినా పోయినా అన్నాడు చూడు. అది విన్నాక నేను ఇంట్లోకి వెళ్ళి నీ సీసా సంచిలో పెట్టుకున్నాను.

పండగ డేరాలో మాంసం నరికే బల్ల దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. మన పందినే రెండు భాగాలు చేశాను. ఒకదాంట్లో మన వెనిగర్ కలిపాను. రెండోదాంట్లో నీ సాస్ పోశాను, ఎరుపు పైకి తేలకుండా కొద్దిగానే, పైన మిరప పలుకులు చల్లి. ఏ పళ్ళెం ఎవరిదో చీటీ మీద రాసి అడుగున పెట్టాను.

మీ నాన్న మొదటిది తిన్నాడు. నా వంక చూశాడు. నా చేతులు కిందే ఉన్నాయి. "ఇది మెర్విన్‌ది. పొగ ఏది?" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. అది వాడిదే, అదృష్టం.

రెండోది తిన్నాడు. అది మనది. నా వంక చూశాడు. నేను కదల్లేదు. నిదానంగా నమిలి ఇంకోసారి చూశాడు.

మూడోది నోట్లో పెట్టుకున్నాడు. నేను జుట్టు చెవి వెనక్కి తోసుకున్నాను.

"ఇదే నాది," అన్నాడు ఫోర్కు బల్లకేసి కొట్టి. "చచ్చి పెట్టెలో ఉన్నా పోల్చుకుంటాను. మా తాత చేతి రుచి ఇది. ఆ రెండోది మా ఐడెల్ చేసుంటుంది, కుక్క కూడా ముట్టదు."

మెర్విన్ పళ్ళెం ఎత్తి చీటీ చదివాడు. నెమ్మదిగా రెండుసార్లు చదివాడు. "డెల్మస్ గాస్కిల్ సాస్. కెచప్‌తో."

వెనకనుంచి ఎవడో కుక్కలా మొరిగాడు. అప్పుడు మొదలైంది నవ్వు. పాస్టరుగారు కూడా మొహానికి టోపీ అడ్డం పెట్టుకున్నారు.

మీ నాన్న మెర్విన్ వంక చూడలేదు. చీటీ వంకా చూడలేదు. నా వంకే చూస్తూ నిలబడ్డాడు.

ఇద్దరం ట్రక్కులో ఇంటికి బయల్దేరాం. వంతెన దాటాక, "చెయ్యి పొరపాటున లేచిందా?" అన్నాడు. గొంతు ఎంత చిన్నదైపోయిందో నీకెలా చెప్పను. ఒక్క అబద్ధం ఆడితే చాలు, నమ్మడానికి సిద్ధంగా ఉన్నాడు.

"లేదు" అన్నాను.

నాన్న నీ సాస్ రుచి చూశాడా అన్న నీ రెండో ప్రశ్నకి జవాబు కూడా ఇదే బాబూ. అవును, నీ సాస్ తిన్నాడు. బాగుందన్నాడు.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. నేను చేసింది నేను చేశాను, ఊరికేం పని అనుకున్నాను. ఆయనకి రుచి తెలియదని, ఇన్నాళ్ళూ రుచి చూసింది నేనేనని ఊరు గ్రహించింది. ఇప్పుడు కొట్టుకి వచ్చే ప్రతివాడూ ఏదో ఒకటి చెంచాలో పట్టుకుని వస్తాడు. "థర్మన్, ఇదేంటో చెప్పుకో చూద్దాం." ఒకడు ఉప్పు వేసిన కాఫీ. ఒకడు అంట్లు తోమిన నీళ్ళు. మీ నాన్న చెంచా అందుకుని మింగుతాడు, మొహంలో ఏమీ కదలదు. "వద్దంటే భయపడ్డాననుకుంటారు" అన్నాడు నాతో ఒకసారి. కిందటి శనివారం ఎవడో కుళ్ళిన మాంసం ముక్క పెట్టాడు. అదీ మింగాడు. తర్వాత మంచం మీద వాంతులు చేసుకుంటుంటే బేసిన్ పట్టుకున్నది నేనే. ఆ ముక్క పెట్టినవాడు మర్నాడే వచ్చి రెండు పొట్లాలు కట్టించుకున్నాడు. "ఇన్నాళ్ళూ ఈ చేతి వంటేనా మేం తిన్నది?" అని నన్ను మెచ్చుకున్నాడు కూడా. నేను పొట్లం కట్టి ఇచ్చాను. వాళ్ళని వెళ్ళగొట్టే నోరు నాకు లేకుండా పోయింది. ఆట నేర్పింది నేనే కదా.

ఇప్పుడు పార పట్టి నిప్పులు సర్దేది నేను, పందిని తిప్పేది నేను. బాగా కుదురుతోంది. బాధపడుతున్నానా అని నువ్వు అడుగుతావు. బాధ ఉంది. కానీ మళ్ళీ ఆ డేరాలో నిలబెడితే చెయ్యెత్తుతావా అని నన్ను నేను రోజూ అడుక్కుంటున్నాను. ఎత్తుతాననే వస్తోంది. నీకు అబద్ధం రాయలేను.

ఇక మూడోది, బిడ్డ పుట్టాక తీసుకురమ్మంటావా అని అడిగావు. తీసుకురా. మీ నాన్న ఇప్పుడు ఏమీ అనడు. ఎవరినీ ఏమీ అనడు. కానీ వచ్చేముందు ఒక సంగతి తెలిసి ఉండాలి, నోరీన్ నొచ్చుకోకుండా. ఆయన ఇప్పుడు నా చేతి తిండి తినడు. దాన్లో ఏం కలిసిందో ఆయనకి తెలిసే దారి లేదు. తను ఉడకబెట్టుకున్న గుడ్డు తనే ఒలుచుకుని తింటాడు. పొట్టుతో ఉన్న వేరుశనగలు, అరటిపండ్లు. తొక్క చెదిరి ఉంటే అదీ పక్కన పెడతాడు. నిన్న మొక్కజొన్న రొట్టె చేసి, ఆయన కళ్ళముందే సగం విరిచి నేను తిని చూపించి, మిగతా సగం ముందు పెట్టాను. నా నోరు ఆడుతుంటే చూస్తూ కూచున్నాడు, నేను మింగేదాకా. తర్వాత జేబులోంచి ఒక గుడ్డు తీసి, బల్ల అంచుకి కొట్టి, ఒలుచుకోవడం మొదలుపెట్టాడు.

ఇట్లు,
మిమ్మల్ని చూడాలని ఉన్న మీ అమ్మ
ఐడెల్