టోకెన్ నంబరు గడి

కూర్మన్నపాలెం,
జూన్ 8

ప్రియమైన కృష్ణంరాజు బావకి,

రిటైరై భీమవరం వెళ్లిపోయి నువ్వు బతికిపోయావు. మొన్న వార్డు ఎన్నికల్లో మన సోషలిస్టు పార్టీ మూడో స్థానంలోకి పోయింది. ఏడాది కిందట పుట్టిన కొత్త పార్టీ గెలిచింది. కమిటీలో ఒకటే గోల. వాళ్లలా పాటలు పెడదామని ఒకరు, జెండా రంగు మారుద్దామని ఇంకొకరు. రంగు మారిస్తే ఓట్లొస్తాయా, నా తలకాయ!

అసలు దెబ్బ వేరే ఉంది బావా. వాళ్ల జెండా పట్టుకుని స్టీలు ప్లాంటు గేటు ముందు నిలబడింది నా కూతురు మధులత. నువ్వు ఎత్తుకు తిప్పిన పిల్లే, ఇప్పుడు కాంట్రాక్టు మీద క్రేన్ నడుపుతోంది. పదిహేను రోజులుగా మాకు మాటల్లేవు. ఇంట్లో కూతురినే నిలుపుకోలేనివాడికి కార్యదర్శి పదవెందుకు? రాజీనామా రాసేశాను. ఆదివారం కమిటీకి ఇస్తాను.

నీ గురునాథరావు

కూర్మన్నపాలెం,
జూన్ 16

బావా,

రాజీనామా ఇవ్వలేదు. హమ్మయ్య అనుకో, నేనూ అనుకుంటున్నాను.

మీ చెల్లెలు నా రాజీనామా సంగతి దానికి చెప్పేసినట్టుంది, ఆదివారం బయల్దేరుతుంటే మధులత గుమ్మానికి అడ్డం నిలబడింది.

"నాను రెండేళ్ల కిందటే మీ పార్టీలో సేరదామని ఆఫీసుకొచ్చాను నాన్నా. ఆ రోజు నువ్వు లేవు. ఫారంలో టోకెన్ నంబరు రాయమన్నారు. మా కాంట్రాక్టోళ్లకి టోకెనెక్కడిది? ఫారం లాగేసుకున్నారు. ఇంకేటి సెయ్యమంటావ్?"

"నాతో ఎందుకు సెప్పలేదే?"

"సెప్తే నా ఒక్కదానికే రాయించేస్తావ్. మిగతావోళ్ల సంగతేటి?"

ముప్పై ఏళ్ల కిందట ఆ ఫారం రాసింది మనిద్దరమే కదా! ప్లాంటు పర్మినెంటు వాళ్లకిచ్చే నంబరుకి ఒక గడి గీసి, కార్మికులంటే వాళ్లేననుకున్నాం. అక్కడే రాజీనామా కాగితం వెనక్కి తిప్పి కొత్త ఫారం రాశాను. పేరు, చేసే పని, ఫోను, అంతే. కమిటీలో రెండు గంటలు కొట్లాడి ఒప్పించాను. నిన్న గేటు దగ్గర అరవై మంది నింపారు.

మధులత నింపలేదు. ఆ కొత్త పార్టీలోనే ఉంటానంది. ఉండనీ. నిజంగా బావా, గుండె తేలికపడింది. పొద్దున్న తనే టీ పట్టుకొచ్చి పక్కన కూర్చుంది.

"మా పార్టీలో మిస్డ్ కాలిస్తే మెంబరే నాన్నా. మనిషెవరో, ఏ పని సేత్తన్నాడో తెలీదు. నువ్వు రాసిన ఫారం ఓపాలి సూపించవా?"

రాజీనామా ఉన్న వైపు కనబడకుండా పట్టుకుని చూపించాను. లాక్కుని, తిప్పి, మొత్తం చదివింది.

"ఇది కొట్టెయ్" అంది. పెన్ను కూడా తనే ఇచ్చింది.

ఇప్పటికీ కార్యదర్శే అయిన
నీ గురునాథరావు