చేత్తో పెట్టిన సున్నా

నాలో సగానికి,

శుభవార్త! ముందు గదిని ఇన్నాళ్లూ ఆక్రమించుకున్న నా పాత కంప్యూటర్ నిద్రలేచింది. గురువారం కాలేజీ ప్రదర్శనశాల మేడమ్ వస్తుంది. స్విచ్ వెయ్యగానే నడిస్తే పట్టుకుపోతుంది. కిటికీ పక్క చోటు ఇక నీ కుట్టుమిషనుకే. మీ చెల్లెలింట్లో అలక చాలించి బయల్దేరు.

ఎలా లేపానో చెప్పకపోతే నాకు అన్నం సహించదు. ప్రాసెసర్ లోపల రిజిస్టర్లని చిన్న చిన్న అరలుంటాయి. చేస్తున్న లెక్క తాలూకు అంకెల్ని అది అక్కడ పెట్టుకుంటుంది. మన మెషీన్ లేస్తూనే తన మెమొరీని తనే పరీక్షించుకుని, ఫలితాన్ని ఒక అరలో పెడుతుంది. సున్నా అయితే అంతా క్షేమం, ముందుకు పోతుంది; మరే అంకె వచ్చినా ఎక్కడో లోపమున్నట్టే. ఈ మహాతల్లికి ఎప్పుడూ ఐదే! ఐదు కనబడగానే మొండికేసి కూర్చుంటుంది. చూసి చూసి, సరిగ్గా అక్కడ ప్రాసెసర్ని ఆపి, ఐదు తీసేసి, నా చేత్తో సున్నా పెట్టి, "ఇక నడవవే తల్లీ" అన్నాను. నడిచింది! తెర మీద అక్షరాలు చూసి నేను వేసిన గంతులకి కింద వాటా ఆయన కర్రతో పైకప్పు పొడిచాడు.

త్వరగా రా. ఇంట్లో మాడని గిన్నె ఒక్కటే మిగిలింది.

విజయగర్వంతో,
నీ మొగుడు

*

శ్రీవారికి,

మీ ఉత్తరం చెల్లికి చదివి వినిపించాను. ఇద్దరం పడీ పడీ నవ్వాం. తర్వాత నాకో సందేహం వచ్చింది. స్విచ్ ఆపి మళ్లీ వేస్తే మీరు పెట్టిన సున్నా ఉంటుందా? ఉండదు కదా! మరి కాలేజీలో పిల్లలు స్విచ్ వేసినప్పుడల్లా మీరు పక్కన నిలబడి సున్నా పెడతారా? ఊడిన కుట్టుకి గుండుసూది గుచ్చి "కుట్టేశానమ్మా" అని చొక్కా చేతికిచ్చినట్టుంది మీ రిపేరు. నేనలా చేస్తే బట్టలిచ్చినవాళ్లు నన్ను ఉతికి ఆరేస్తారు.

నవ్వు అయిపోయాక ఏడుపొచ్చింది. నాకూ మీరు చేసేది ఇదే. వంటింట్లో, పొయ్యి పక్కన, నూనె మరక పడుతుందేమోనని భయపడుతూ ఊళ్లోవాళ్ల బట్టలు కుట్టాను. కిటికీ దగ్గర చోటివ్వమని ఎన్నిసార్లడిగాను! "ఇదిగో, అయిపోవచ్చింది" అనేసి, నేను సరేనన్నట్టు మీరే అనుకుని వెళ్లిపోయేవారు. నేను సరేనన్లేదండీ. ఇది అలకా కాదు. చెల్లీ నేనూ ఇక్కడ కుట్టు దుకాణానికి గది మాట్లాడుకున్నాం. నేను రావడం లేదు.

అసలు ఆ ఐదు ఎందుకొస్తోందో ఒక్కసారైనా చూశారా?

ఇప్పటికైతే మీ ఇల్లాలు

*

దుకాణం యజమానురాలైన నా శ్రీమతికి,

నీ ఉత్తరం అందిన పూటే మేడమ్ వచ్చింది. స్విచ్ వేసింది. ఐదు! నేను సున్నా పెట్టబోతుంటే "మీరు చెయ్యి తియ్యండి సార్, దాన్నే నడవనివ్వండి" అంది. అది నడిస్తేనా! "బాగైందన్నారే?" అంది. కనీసం కాఫీ ఇచ్చి మాట మారుద్దామంటే ఆ మిగిలిన గిన్నె కూడా మాడ్చేశాను.

ఆవిడ వెళ్లాక మూత విప్పి నిజంగా వెతికాను. మెమొరీ చిప్ ఒకటి చచ్చి ఉంది. దానికి సరిపడే చిప్ మొదటినుంచీ నా డబ్బాలోనే ఉంది. మార్చడానికి టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. మరి ఇన్నాళ్లూ ఎందుకు మార్చలేదంటావా? నవ్వకు. అది బాగైతే పట్టుకుపోతారు. రిటైరయ్యాక నన్ను పిలిచే దిక్కు లేదు. నేను లేకపోతే ఆగిపోయేది ఈ లోకంలో అదొక్కటే. నువ్వేమో నేను లేకపోయినా నిక్షేపంగా నడుస్తావు. అదీ నా భయం. నా ఐదు అదేనే.

మెషీన్ ఇప్పుడు దానంతటదే లేస్తోంది. మేడమ్ని మళ్లీ పిలిచి ఇచ్చేశాను. కిటికీలోంచి ఎండ గది మధ్యదాకా వస్తోంది. ఇంత వెలుతురుకి అడ్డంగా కూర్చున్నానా అని సిగ్గేసింది.

నీ కుట్టుమిషనుకి నూనె వేసి, దుప్పటి చుట్టి సిద్ధం చేశాను. నువ్వు జవాబిచ్చినా, ఇవ్వకపోయినా అది నీ దుకాణానికి వచ్చేస్తుంది. దాంతోపాటు నేనూ రావచ్చా? గుండీలు కుట్టగలను. సన్న తీగలు అతికించిన చేతులివి. "రండి" అని నువ్వన్నట్టే నేననుకుని నిన్న బస్సు టికెట్ కూడా కొనేశాను. తర్వాత బుద్ధి తెచ్చుకుని తిరిగిచ్చేశాను. ఈసారి నువ్వే చెప్పు. వద్దన్నా సరే, నువ్వే చెప్పు.

గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తున్న,
నీ మొగుడు