కాయ లావెంత?

స్రవంతి నాయనా,

నువ్వు పోయి ఈరోజుకు రెండేళ్లు. పాప ప్రొద్దుటూరు కాలేజీలో బీబీఏ, ఇంటర్నేషనల్ బిజినెస్ తీసుకుంది. ఇంటర్న్‌షిప్‌కు బెంగళూరులో ఒక కంపెనీ ఆఫీసులోనూ, లింగాలలో అరటికాయల ఎగుమతి షెడ్డులోనూ చోటు దొరికింది. నేను నోటుబుక్కులో గీత గీసి రెండింటి మంచిచెడ్డలు రాశాను. బెంగళూరే మేలని తేలింది.

"నీ గీతలు బాగుండాయి గానీ మా, మన తోట కాయలు లారీ ఎక్కినాక యాడికి పోతాండాయో నాయనకు కడదాకా తెలీల్యా. నేను చూసొస్తా" అని లింగాలకే పోయింది.

నిన్న ఫోన్ చేసింది. "ఈడ కాయ లావు మిషన్ పెట్టి కొలుస్తాండారు. నాయన కాయకు రెండువేళ్లు చుట్టి, ఇంతుంటే కొయ్యమనేటోడు కదా. ఎంతుండేది మా?"

నా వేళ్లు చుట్టి చూశాను. అన్నీ రాసిపెట్టే నేను నీ వేళ్ల కొలత మాత్రం రాసుకోలేదు.

"తెలీదు పాపా" అన్నాను. ఫోన్ పెట్టేశాక కూడా ఆ వేళ్లు విప్పలేదు.