అట్ట మీది ఖాళీ గడి

సుశీలా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. పొద్దున్నే నీ మొగుడు బోధన్ నుంచి వచ్చాడు, నీ సంవత్సరీకం కోసం కాదు.

"వదినా, సుశీల రాసుకున్న నోట్సులున్నయ్ కద. మా తమ్మునికి మెట్రిక్ పరీక్షలు."

చరిత్ర, లెక్కలు, సైన్సు, అన్నీ నా దేవుడి గూటి కిందే ఉన్నాయి. అదే పరీక్షకు నీ ఫారం మీద సంతకం పెట్టనన్నది ఇతనే.

"ఆడోళ్లకు గివెందుకు, పొయ్యిల పెట్టుమంటివి కద. పెట్టిన" అన్నాను.

వెలిగే దీపం ముందే అబద్ధమాడాను.

అతను వెళ్లాక, ఈసారి మెట్రిక్ రాస్తున్న పక్కింటి లక్ష్మికి అన్నీ ఇచ్చాను. ప్రతి అట్ట మీదా హాల్‌టికెట్ నంబరు కోసం నువ్వు గీసుకున్న గడి ఖాళీగానే ఉంది.

"పెద్దమ్మా, ఈ గడిల నా నంబరు రాయాల్నా?"

ఇంకుతో రాయమన్నాను.

మీ అక్క