పనికిరావన్న పదకొండు

ప్రొద్దుటూరు,
2025 నవంబరు 9

ప్రియమైన ప్రసూనకు,

ఫోన్లో అయితే నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. అందుకే కాగితం మీద పోట్లాడుతున్నాను.

మా జమ్మలమడుగు ఆడపిల్లల బడిలో పద్నాలుగు పాత కంప్యూటర్లున్నాయి కదా. కొత్త విండోస్ వాటిలో ఎక్కదని తేలింది. ల్యాబు మూసేసి, అన్నీ పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామన్నారు మా కరస్పాండెంట్ సారు. నేను ఆయన్ను అడగకుండానే రెండు ఆదివారాలు కూర్చుని, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించాను. మూడు లేవలేదు. పదకొండు లేచాయి! పిల్లలకు పైథాన్‌లో ప్రోగ్రాంలు రాయడం మొదలుపెట్టాను. పాలిటెక్నిక్‌లో ఒకే బెంచీ మీద కూర్చున్నప్పటి నుంచీ నీకు లినక్స్ అంటే పడదు. ఇప్పుడేమంటావు?

నీ
ఫర్హానా

పులివెందుల,
నవంబరు 15

ప్రియమైన ఫర్హానాకు,

అడగకుండా చేయడం తప్పు. చేసిన పని ఇంకా పెద్ద తప్పు. డిగ్రీ పిల్లలకు ఎనిమిదేళ్లుగా పాఠం చెబుతున్నాను. ఉద్యోగానికి పోయిన పిల్లను విండోస్ ముందే కూర్చోబెడతారు. అక్కడ తడబడితే కంప్యూటరే రాదని పంపేస్తారు. నీ పంతానికి ఆ పిల్లలెందుకు నష్టపోవాలి?

ఇక పైథాన్. అది అన్నీ ముద్ద కలిపి నోట్లో పెడుతుంది. మెమరీ అంటే ఏమిటో తెలియకుండానే ప్రోగ్రాం రాసేశామనుకుంటారు. ముందు సీ భాష నేర్పు. కష్టపడనీ.

నీ మేలు కోరే
ప్రసూన

ప్రొద్దుటూరు,
నవంబరు 22

ప్రియమైన మొండి ప్రసూనకు,

గొర్రెల యల్లయ్య కూతురు ఓబులేశ్వరి, తొమ్మిదో తరగతి, ఏ గొర్రెకు టీకా ఎప్పుడు వేయించాలో చెప్పే ప్రోగ్రాం రాసింది. లోపల పేర్లన్నీ తెలుగే. మీ కాలేజీలో ఉన్న ఆ నీలం తెర పాత సీ కంపైలర్‌లో తెలుగులో 'గొర్రె' అని రాసి నడిపించు, ఓడిపోయానని ఒప్పుకుంటాను. "ఈ పైథాన్ తిట్టదు మేడం, తప్పు యాడుందో చూపిస్తాది" అంది ఆ పిల్ల.

కానీ నిన్న సారు అందరి ముందూ నన్ను నిలబెట్టారు. లినక్స్‌తో పిల్లల భవిష్యత్తు పాడవుతుందని ఎవరో నిపుణులు రెండు పేజీల రిపోర్టు ఇచ్చారట. "ఒకటో తారీఖు మిషన్లు తీయిస్తాండా. తప్పయిందని రాసిచ్చి ఉంటావా, పోతావా?" అన్నారు.

"రాసియ్యను సార్. ఒకటో తారీఖు కూడా వస్తా. పాఠం చెప్తా" అన్నాను.

ఎప్పటికీ నీ
ఫర్హానా

పులివెందుల,
నవంబరు 26

ప్రియమైన ఫర్హానాకు,

ఆ రిపోర్టు రాసింది నేనే. మీ సారు మా ప్రిన్సిపాల్ ద్వారా అడిగించారు. నీ బడి అని తెలిసే రాశాను. నీకు ఉత్తరంలో ఏం చెప్పానో అక్కడా అదే చెప్పాను, తెలుగు టైపు కష్టమనడం లాంటివి ఇంకొన్ని కలిపాను. దాన్ని చూపించి నిన్ను బయటికి పంపుతారనుకోలేదు. నీకు ముందే చెప్పకపోవడం మాత్రం నా పిరికితనం.

ఈరోజు ఆయనకు ఫోన్ చేశాను. "మిషన్ల మీద నా మాట అదే సార్. కానీ ఆయమ్మిని తీసేదానికి నా పేరు వాడుకుంటే ఊరుకోను. అంత బాగా చెప్పేవాళ్లు మా కాలేజీలో కూడా లేరు" అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశారు.

నువ్వు మాట్లాడటం మానేసినా సరే, నా అభిప్రాయం మారదు.

ప్రసూన

ప్రొద్దుటూరు,
డిసెంబరు 3

ప్రసూనా,

'ప్రియమైన' అని రాయడానికి ఈసారి చెయ్యి రావడం లేదు.

సోమవారం మిషన్లు మోసుకుపోవడానికి మనుషులొచ్చారు. పిల్లలు కుర్చీల్లోంచి లేవలేదు. సారు వచ్చి అరిచారు. "మా చదువులో తప్పేందో ఆ కాగితం మాకూ చదివేదానికియ్యండి సార్" అంది ఓబులేశ్వరి. ఆయన రిపోర్టును విసురుగా బల్ల మీద పడేశారు. పిల్లలు వరుస వరుసా చదివారు. లినక్స్‌లో తెలుగు టైపు చేయడం కష్టమని రాశావు కదా, సారు చూస్తుండగానే సాజియా అనే పిల్ల దానికి తెలుగులోనే జవాబు టైపు చేసింది. ఆయన తెర మీది జవాబు చదివి, మనుషుల్ని వెనక్కి పంపేశారు. పరీక్షలయ్యేదాకా ల్యాబు ఉంటుందన్నారు. నన్ను ఉండమనలేదు, పొమ్మనలేదు. నేను రోజూ వెళుతూనే ఉన్నాను.

నీ రిపోర్టులో ఆరు తప్పులున్నాయని పిల్లలు తేల్చారు. ఉద్యోగాల గురించి నువ్వు చెప్పింది మాత్రం నిజమేనని ఒప్పుకున్నారు. ఆరింటికీ ఎర్ర సిరాతో గీత గీసి, ఆ రిపోర్టును ల్యాబు తలుపుకు అంటించారు. శనివారం జమ్మలమడుగు బస్సెక్కు. జవాబు చెప్పాల్సింది నాకు కాదు, వాళ్లకు.

నిన్ను ఇంకా క్షమించని
ఫర్హానా